కలరా సూది కనిపెట్టిన హాఫ్‌కిన్ గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి నాలుగు పేజీలు రాసి ఇవ్వమని కార్యదర్శి గారు కబురు చేశారు. గాంధీ గారి గురించీ, ప్రకాశం పంతులు గారి గురించీ నాకంటె బాగా రాయగల పెద్దలు మన సభ్యులలోనే ఉన్నారు. నేను ఆరోగ్యశాఖలో ముప్పయి ఏళ్ళకు పైబడి పనిచేసి, చింతలపూడి చుట్టుపక్కల ఊళ్ళన్నీ సైకిలు మీద తిరిగి, పిల్లలకూ పెద్దలకూ సూదులు వేసినవాణ్ణి. కనుక నాకు ఇన్నేళ్ళు అన్నం పెట్టిన ఆ సూదికి మూలపురుషులలో ఒకరైన వాల్డెమార్ హాఫ్‌కిన్ గారి గురించి రాస్తున్నాను.

బొంబాయిలో హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ ఉందని మీలో చాలామంది వినే ఉంటారు. ఆ పేరు గల మనిషి మన దేశానికి ఏమి చేశాడో, మన దేశంలో ఆయనకు ఏమి జరిగిందో తెలిసినవారు తక్కువ. ఆయన కూడా మనలాగే సర్కారు నౌకరీ చేసినవాడు. పైఅధికారుల మెప్పు చూశాడు, బిరుదు చూశాడు, ఎంక్వైరీ చూశాడు, ఉన్న పదవి ఊడడం చూశాడు, చివరకు పదవీ విరమణ చేసి వెళ్ళిపోయాడు. పెన్షనరు మిత్రులకు ఈ కథ అంత పరాయిదిగా తోచదని నా నమ్మకం.

ఆయన 1860 మార్చి 15వ తేదీన అప్పటి రష్యా సామ్రాజ్యంలో, నల్ల సముద్రపు ఒడ్డున ఉన్న ఒడెస్సా నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. ఒడెస్సా విశ్వవిద్యాలయంలో ఇల్యా మెచ్నికోవ్ అనే మహా శాస్త్రజ్ఞుని దగ్గర చదువుకున్నాడు. మన రక్తంలోని తెల్లకణాలు రోగక్రిములను మింగివేస్తాయని కనుగొని తరువాత నోబెల్ బహుమతి పొందినవాడు ఈ మెచ్నికోవే. ఆ రోజుల్లో రష్యాలో యూదుల మీద మూకదాడులు జరిగేవి. తనవారిని కాపాడుకోవడానికి నిలబడిన కుర్రవాళ్ళలో హాఫ్‌కిన్ ఒకడు. అరెస్టయ్యాడు. గురువు గారు అడ్డుపడి విడిపించారు. చదువు పూర్తయ్యాక, మతం మార్చుకుంటే విశ్వవిద్యాలయంలో మంచి ఉద్యోగం వస్తుందన్నారు. ఆయన మార్చుకోలేదు, ఉద్యోగమూ రాలేదు. మ్యూజియంలో చిన్న పని చేసుకుంటూ కొన్నేళ్ళు గడిపి, 1888లో దేశం విడిచి జెనీవా వెళ్ళాడు. మరుసటి ఏడు ప్యారిస్‌లో పాశ్చర్ గారి సంస్థలో చేరాడు. అక్కడ దొరికింది పరిశోధకుని ఉద్యోగం కాదు, గ్రంథాలయంలో సహాయకుని పని. పగలు పుస్తకాలు సర్దడం, తీరిక వేళల్లో ప్రయోగశాలలో క్రిములతో కుస్తీ పట్టడం.

ఆ కాలంలో ప్రపంచాన్ని వణికిస్తున్న జబ్బు కలరా. మన గోదావరి జిల్లాల్లో దాన్ని మరిడి అనేవారు. పెద్దాపురంలో ఆషాఢ మాసంలో మరిడమ్మ తల్లికి జాతర జరిగేది అందుకేనని పెద్దలు చెబుతారు. ఆషాఢమంటే తొలకరి పడి, చెరువుల్లోకీ బావుల్లోకీ ఎర్రనీళ్ళు దిగే కాలం. జాతర ఏ నెలలో పెట్టారో చూస్తే మన పూర్వులకు జబ్బు ఎప్పుడు వస్తుందో బాగా తెలుసని అర్థమవుతుంది. ఎందుకు వస్తుందో చెప్పినవాడు జర్మనీకి చెందిన రాబర్ట్ కోచ్. ఆయన 1884లో కలకత్తాలోనే, చెరువు నీళ్ళలోనూ రోగుల పేగుల్లోనూ ఉన్న వంకర క్రిమిని చూపించాడు. అప్పటికీ మందు లేదు, టీకా లేదు. 1885లో స్పెయిన్‌లో ఫెర్రాన్ అనే వైద్యుడు టీకా ప్రయత్నం చేశాడు గాని, లెక్కలు సరిగా లేవని పెద్దలెవరూ దాన్ని ఒప్పుకోలేదు. ఈ లెక్కల సంగతి గుర్తుంచుకోండి, హాఫ్‌కిన్ దానినే పట్టుకున్నాడు.

ఆయన పద్ధతి ఇది. గినీ పందుల కడుపులో కలరా క్రిమిని ఒకదాని నుంచి మరొకదానికి మారుస్తూ పోయి, క్రిమి బలాన్ని బాగా పెంచాడు. మరోవైపు వేడితో, గాలితో క్రిమి బలాన్ని తగ్గించి ఒక బలహీనమైన మందు తయారు చేశాడు. ముందు బలహీనమైన సూది, అయిదారు రోజుల తరువాత బలమైన సూది. పొలానికి ముందు తేలిక తడి పెట్టి తరువాత నిండు తడి పెట్టినట్టు. 1892 జూలై 18న ఆ మందును ముందుగా తన ఒంటికే ఎక్కించుకున్నాడు. జ్వరం వచ్చింది, నొప్పి పుట్టింది, తగ్గిపోయింది. తరువాత ముగ్గురు రష్యా మిత్రులకు వేశాడు. జూలై నెలాఖరుకు ప్యారిస్‌లో పండితుల సభకు నివేదించాడు. అదే ఏడు జర్మనీలోని హాంబర్గ్ నగరంలో కలరా వేలమందిని పొట్టన పెట్టుకుంది. రష్యాలో ఇంకా ఎక్కువ. తన దేశానికి మందు ఇస్తానన్నాడు, వద్దన్నారు. చివరకు మన దేశానికి అంతకుముందు వైస్రాయిగా పనిచేసి, అప్పుడు ప్యారిస్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్న డఫరిన్ ప్రభువు, కలరా పుట్టిల్లు బెంగాల్, అక్కడికి వెళ్ళమని దారి చూపాడు. అలా 1893 మార్చిలో హాఫ్‌కిన్ కలకత్తాలో దిగాడు. వయసు 33. ఇక్కడి భాష రాదు, చేతిలో అధికారం లేదు, ఎవరినీ బలవంతం చేసే చట్టం లేదు.

మొదట ఆగ్రాలో, తరువాత ఉత్తర హిందూస్థానం అంతటా పటాలాల్లోనూ పల్లెల్లోనూ సూదులు వేశాడు. ఇక్కడ నా మాట ఒకటి చెబుతాను. ఊరికి వెళ్ళి సూది వేయడం సులువు. వేసినందువల్ల మేలు జరిగిందని చూపించడం కష్టం. ఊరంతటికీ వేస్తే, ఆ ఏడు కలరా రాకపోతే, సూది వల్ల రాలేదా, దేవత దయ వల్ల రాలేదా అని ఎవరైనా అడగవచ్చు. పోలిక లేదు కదా. హాఫ్‌కిన్ దీన్ని బాగా గ్రహించాడు. అందుచేత ఒకే చోట, ఒకే నీళ్ళు తాగి, ఒకే తిండి తినేవాళ్ళలో కొందరికి వేసి, వేసుకోనివాళ్ళ పేర్లూ రాసుకుని, ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడాలన్నాడు. ఇలాంటి చోట్లు ఎక్కడ దొరుకుతాయి? జైళ్ళలో, పటాలాల్లో, టీ తోటల కూలీ లైన్లలో, కలకత్తా బస్తీల్లో. గయ జైల్లో 1894లో కలరా పడినప్పుడు అలాగే చేశాడు. వేసుకున్న ఖైదీలూ, వేసుకోని ఖైదీలూ ఒకే చోట ఉన్నారు. లెక్క చూస్తే తేడా కనిపించింది.

కలకత్తాలో కాఠాల్ బాగాన్ అనే బస్తీ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పేరుకు అర్థం పనసతోట. మామిడితోటల మధ్య పుట్టి పెరిగిన నాకు ఆ పేరు చదివినప్పుడు ముచ్చటేసింది గాని, అక్కడ తోట లేదు, ఇరుకు పాకలూ ఒక మురికి చెరువూ ఉండేవి. 1894 మార్చిలో అక్కడ కలరా తగిలింది. నగర ఆరోగ్యాధికారి సింప్సన్ గారు హాఫ్‌కిన్‌ను పిలిపించారు. మొదట జనం తిరగబడ్డారని, రాళ్ళు కూడా విసిరారని చెబుతారు. హాఫ్‌కిన్ పోలీసులను పిలవలేదు. అందరి ముందూ తానే సూది వేయించుకున్నాడు. ఆయనతో ఉన్న బెంగాలీ డాక్టర్లు వాళ్ళ భాషలో మాట్లాడి నచ్చచెప్పారు. రెండు వందల మంది దాకా ఉన్న ఆ బస్తీలో 116 మంది వేయించుకున్నారు. ఆ తరువాత అక్కడ కలరా వచ్చినవాళ్ళందరూ వేయించుకోనివాళ్ళే. ఆ కబురు బస్తీ నుంచి బస్తీకి పాకింది. తెల్లవారుజామున పనికి పోయేముందు కూలీలు వరుసల్లో నిలబడేవారట. 1895 జూలై నాటికి మొత్తం 42 వేల మందికి వేశాడు. మలేరియా పట్టి మనిషి నీరసించిపోయి యూరప్‌కు తిరిగి వెళ్ళి, కొద్ది నెలలకే మళ్ళీ వచ్చి, అస్సాం టీ తోటల దారి పట్టాడు.

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలింది. లెక్కలు రాసుకున్నవాడు కాబట్టి దాన్ని మొదట చూసినవాడూ ఆయనే. కలకత్తాలో ఏడాది పైచిలుకు గడిచేసరికి సూది రక్షణ తగ్గిపోతోంది. మశూచి టీకా లాగా ఒక్కసారి పొడిస్తే ఏళ్ళ తరబడి నిలిచేది కాదు ఇది. అంటే, ప్రతి ఏడూ, కలరా కాలానికి ముందు, మళ్ళీ వేయాలి. ఈనాడు మనం బూస్టర్ అంటున్నది ఇదే. మా కాలానికి వచ్చేసరికి వాడినది చచ్చిన క్రిముల మందు. దాని రక్షణ ఇంకా తక్కువ, మూడు నుంచి ఆరు నెలలు, అదీ వేసుకున్న వారిలో సగం మందికే అని పుస్తకాల్లో ఉండేది.

మూడు నుంచి ఆరు నెలలే నిలిచే సూదిని ఏ వారంలో వేయాలి? ఇది బల్ల ముందు కూర్చుని తేల్చే సంగతి కాదని మా ప్రాంతంలో పనిచేసినవారికి తెలుసు. ఇప్పుడు 2022 నుంచి చింతలపూడీ నూజివీడూ రెండూ ఏలూరు జిల్లాలోకి వచ్చాయి గాని, జిల్లాలు వేరైనప్పుడు కూడా మామిడి మాత్రం రెండు చోట్లా ఒకటే. తొలకరి జూన్‌లో. జబ్బు ముదిరేది జూలై నుంచి సెప్టెంబరు దాకా. లెక్క ప్రకారం మే నెలలో సూది వేయడం మంచిది. కాని మే నెలలో ఊళ్ళో ఎవరుంటారు? బంగినపల్లి, రసాలు కోతకు వచ్చి, చిక్కం కర్రలు పట్టుకుని మగవాళ్ళందరూ తోటల్లో ఉంటారు. ఆడవాళ్ళు కాయలు ఏరి, సైజులు చేసి, బుట్టల్లో గడ్డి పరుస్తూ ఉంటారు. పిల్లలు కాపలా పాకల్లో. ఇళ్ళకు తాళాలు. పోనీ కోతకు ముందు, మార్చిలో వేద్దామంటే, ఆగస్టు వచ్చేసరికి రక్షణ జారిపోతుంది. పైగా సూది వేసిన రోజు రాత్రి జ్వరం, చెయ్యి వాపు. కోత రోజుల్లో ఒక్క కూలిరోజు పోయినా బాధే కాబట్టి, వేయించుకున్నవాళ్ళు రెండోసారి మనల్ని చూస్తే తోట వెనక నుంచి పోయేవారు.

మేము చేసింది ఏమిటంటే, తోటకే వెళ్ళడం. మధ్యాహ్నం ఎండకు కోత ఆపి చెట్ల కింద అన్నాలు తినే వేళ ఒకటి ఉంటుంది, ఆ గంటలో పని జరగాలి. స్టవ్ మీద నీళ్ళు కాచి, గాజు సిరంజీలు, సూదులు ఉడకబెట్టి, రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకుని, ఒకరి తరువాత ఒకరికి. కిందటేడు విరేచనాలు పట్టిన ఊళ్ళ జాబితా ముందు తయారు చేసుకుని, ఆ ఊళ్ళ తోటలకు ముందు, మిగతావాటికి తరువాత. 1979 గోదావరి పుష్కరాలకు కొవ్వూరులో డ్యూటీ పడినప్పుడు ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చూశాను. అప్పటికే, 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశం నుంచి దేశానికి పోయేవారికి కలరా సూది సర్టిఫికెట్ అవసరం లేదని తీసివేసింది. సూది కంటె క్లోరిన్ వేసిన నీళ్ళే ఎక్కువ మేలు చేస్తాయని తేలుతున్న రోజులు అవి. ఆ మాట నిజమే. అయినా బావిలో బ్లీచింగ్ పొడి వేసే మనిషీ, సూది వేసే మనిషీ చాలా ఊళ్ళలో ఒక్కరే కనుక మాకు రెండూ తప్పలేదు.

హాఫ్‌కిన్ గారి దగ్గరకు వస్తాను. 1896లో బొంబాయిలో ప్లేగు పడింది. ఎలుకలు చచ్చిపడితే ఇల్లు ఖాళీ చేసి పారిపోవడం తప్ప గతిలేని జబ్బు. సర్కారు ఆయన్ని కలకత్తా నుంచి పిలిపించింది. అక్టోబరులో గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, ఒక వరండా, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు ఇచ్చారు. ఇంతటి నగరానికి ఇదీ స్టాఫు. వాళ్ళలోనూ ఒకరికి పని ఒత్తిడితో మతి చెదిరింది, ఇద్దరు మానుకుని పోయారు. మూడు నెలల్లో మందు తయారైంది. 1897 జనవరి 10న, అలవాటు ప్రకారం, మొదటి సూది తనకే. మామూలు మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కించుకున్నాడు. నెలాఖరున బైకుల్లా జైల్లో ప్లేగు పడినప్పుడు, ముందుకు వచ్చిన ఖైదీలకు వేసి, మిగిలినవారితో పోల్చి చూశాడు. వేసుకోనివారిలో చావులు జరిగాయి. వేసుకున్నవారిలో, మందు పనిచేయడం మొదలుపెట్టిన తరువాత, ఒక్క చావు లేదు.

ఆ ఏడే పూనాలో ప్లేగు అధికారి ర్యాండ్ సోల్జర్లను ఇళ్ళలోకి పంపి, ఆడవాళ్ళ గదులు కూడా వెతికించాడు. జనం ఆగ్రహం కట్టలు తెంచుకుని 1897 జూన్‌లో చాపేకర్ సోదరులు ఆయన్ని కాల్చారు. అదే రోజుల్లో, అదే రాష్ట్రంలో, హాఫ్‌కిన్ బలవంతం లేకుండా వేలమంది చేత చెయ్యి చాపించాడు. ఖోజా ముస్లింల గురువు, అప్పటికి ఇరవయ్యేళ్ళ కుర్రవాడైన ఆగాఖాన్, తన భవనం ఒకటి ప్రయోగశాలకు ఇచ్చాడు. తన అనుచరుల ఎదుట తానే ఒకటికి రెండుసార్లు వేయించుకున్నాడు. ఆయన చూపిన దారిలో ఆ సమాజంలో పదివేల మంది పైచిలుకు వేయించుకున్నారు. మా ఊళ్ళలో కూడా సర్పంచి గారి భార్య ముందు చెయ్యి చాపితే మిగతా వీధి నడిచివచ్చేది. నూరేళ్ళ కిందట బొంబాయిలో జరిగినదీ అదే.

ప్లేగు మందు రక్షణ కూడా ఆరునెలలకు మించి గట్టిగా నిలిచేది కాదు. ప్లేగుకూ కాలం ఉంది. చలి మొదలైతే పెరిగేది, ఎండలు ముదిరితే తగ్గేది. అందుచేత ప్రతి ఏడూ చలికి ముందే మళ్ళీ వేయాలి. హుబ్లీలో 1898లో దాదాపు ఊరంతా వేయించుకున్నారు, చాలామంది ఒకసారి కాక మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. 1899 ఆగస్టులో పరేల్‌లోని పాత గవర్నరు బంగళాలోకి ప్రయోగశాల మారింది. హాఫ్‌కిన్ దానికి డైరెక్టరు. 1897లోనే విక్టోరియా రాణి సి.ఐ.ఇ. బిరుదు ఇచ్చింది. ఇక్కడి దాకా కథ మెట్లెక్కినట్టు సాగింది.

1902లో పంజాబులో ప్లేగు భయంకరంగా ఉంది. చలికాలం రాకముందే లక్షల మందికి సూది వేయాలని పంజాబు సర్కారు పెద్ద కార్యక్రమం వేసింది. లక్షల మోతాదులు కావాలి, అదీ శరదృతువు దాటకముందే. మనలో సర్కారు టార్గెట్లు చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. గడువు పైవారు నిర్ణయిస్తారు, మందు బొంబాయిలో కాగాలి, పల్లెలో సూది వేసేవాడు వేరొకడు. ఎక్కువ మందు త్వరగా తయారు కావడానికి హాఫ్‌కిన్ ప్రయోగశాలలో తయారీ పద్ధతిలో ఒక మార్పు చేశాడు. అంతకుముందు సీసాల్లో కార్బాలిక్ ఆసిడ్ కలిపేవారు, ఇప్పుడు వేడితోనే శుద్ధి చేసి, ఆ ఆసిడ్ మానేశారు. ప్యారిస్‌లో పాశ్చర్ సంస్థ అప్పటికే అలా చేస్తోంది. తప్పు పద్ధతి కాదు.

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ అనే గ్రామంలో 107 మందికి సూది వేశారు. అందులో ఒకే సీసా నుంచి మందు తీసుకున్న 19 మందికి వారం తిరగకుండా ధనుర్వాతం పట్టింది. 19 మందీ చనిపోయారు. మిగతా సీసాల నుంచి వేసుకున్నవారికి ఏమీ కాలేదు. ఈ సంఖ్య రాస్తున్నప్పుడు నా చెయ్యి ఆగుతుంది. సూది వేసి మర్నాడు మళ్ళీ అదే వీధిలోకి వెళ్ళినవాడికే ఆ 19 అంటే ఏమిటో తెలుస్తుంది.

బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. సీసా బొంబాయిలోనే, మూత వేయకముందే, చెడిపోయి ఉంటుందని ఆ సంఘం తేల్చింది. ఆసిడ్ మానేయడమే నేరమయిపోయింది. హాఫ్‌కిన్‌ను డైరెక్టరు పదవి నుంచి తప్పించి సెలవు మీద పంపారు. ఆయన లండన్ వెళ్ళిపోయాడు. విచారణ కాగితాలు ఏళ్ళ తరబడి బయటకు రాలేదు. తన మీద ఏ సాక్ష్యం ఆధారంగా తీర్పు వచ్చిందో చూసుకోవడానికి కూడా నాలుగేళ్ళు పట్టింది. మన సర్వీసు రూల్సులో ఛార్జిషీటుతో పాటు సాక్ష్యాల పత్రాలు ఇవ్వాలని రాసి ఉంటుంది. ఆ రూలు ఎందుకు పెట్టారో అర్థం కానివారు ఈ కథ చదవాలి.

ఆ కాగితాల్లోనే అసలు సంగతి ఉంది. ఆ రోజు ముల్కోవాల్‌లో సీసా మూత తీస్తున్న సహాయకుని చేతిలోని పట్టుకారు నేల మీద పడింది. దాన్ని ఆసిడ్ నీళ్ళలో ఒకసారి ముంచి తీసి, దానితోనే బిరడా లాగాడు. ధనుర్వాతం క్రిమి ఉండేదే మట్టిలో. పశువుల పేడ కలిసిన పల్లెటూరి మట్టిలో మరీ ఎక్కువ. ఇంకొకటి. ధనుర్వాతం క్రిమి వారాల తరబడి సీసాలో పెరిగి ఉంటే, మూత తీయగానే ముక్కు మూసుకోవలసినంత కంపు కొడుతుంది. సూది వేసిన డాక్టరు మూత తీసినప్పుడు వాసన చూశాడు, ఏమీ లేదన్నాడు. అంటే మట్టి సీసాలోకి చేరింది ఆ పూటే.

హాఫ్‌కిన్ తరఫున నిలబడినవారిలో ముఖ్యుడు రొనాల్డ్ రాస్. మలేరియా దోమ కడుపులో పెరుగుతుందని 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో కనుగొన్నది ఈ రాస్ గారే. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనం ఉంది. నోబెల్ బహుమతి వచ్చిన మనిషి, తనకు సంబంధం లేని ఒక యూదు శాస్త్రజ్ఞుని కోసం పత్రికల్లో పోరాడాడు. కలకత్తాలో ఆయనతో పనిచేసిన సింప్సన్ కూడా కలిశాడు. 1907 జూలైలో పదిమంది పేరుమోసిన శాస్త్రజ్ఞులు లండన్ టైమ్స్ పత్రికకు లేఖ రాశారు, హాఫ్‌కిన్ మీద మోపిన అభియోగం సాక్ష్యాలతో నిలబడదని. ఫ్రాన్సులో డ్రైఫస్ అనే యూదు సైనికాధికారిని తప్పుడు కేసులో ఇరికించిన సంగతి అప్పటికి లోకమంతా ఎరుగును. చిన్న డ్రైఫస్ కేసు అని దీనికి పేరు పడింది. 1907 చివరకు సర్కారు దిగివచ్చి, మళ్ళీ ఉద్యోగం ఇస్తామంది.

ఇచ్చింది గాని, పాత కుర్చీ ఇవ్వలేదు. బొంబాయిలో వేరొకరు కూర్చున్నారు. కలకత్తాలో ఒక ప్రయోగశాల ఇచ్చారు. అక్కడ టీకాలు పెద్ద ఎత్తున తయారు చేయడానికి గాని, జనం మధ్యకు వెళ్ళి వేయడానికి గాని సౌకర్యం లేదు. కలరా మందును మెరుగుపరచాలని ఎంతో ఆశపడ్డాడు. సర్కారు అనుమతించలేదు. సస్పెన్షను ఎత్తివేశాక ఏ సీటూ లేని సీట్లో కూర్చోబెట్టడం మనలో కొందరికి తెలియనిది కాదు. ఆయన ఏడేళ్ళు అలా గడిపి, 1914లో, 55 ఏళ్ళ వయోపరిమితి దగ్గర పడుతుండగా, పదవీ విరమణ చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. ప్యారిస్ వెళ్ళి, తరువాత స్విట్జర్లాండులోని లొజాన్‌లో స్థిరపడ్డాడు. టీకాల గురించి ఇక ఎక్కువగా మాట్లాడలేదంటారు. తన మతం, తన జాతి పిల్లల చదువులు, వీటి మీద మనసు పెట్టాడు. ఉన్న ఆస్తి అంతా ఆ చదువులకే రాసి ఇచ్చాడు. 1930 అక్టోబరు 26న కన్ను మూశాడు.

అంతకు అయిదేళ్ళ ముందు, 1925లో, బొంబాయి ప్రయోగశాలకు హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టారు. ఆ ఏటి దాకా ఆ ఒక్క చోటి నుంచే 2 కోట్ల 60 లక్షల మోతాదుల ప్లేగు మందు బయటకు వెళ్ళింది. 1964లో మన తపాలాశాఖ ఆయన బొమ్మతో స్టాంపు వేసింది. నా దగ్గర ఒకటి ఉండేది, మనవడు పట్టుకుపోయాడు.

2022 జనవరి 10న కోవిడ్ ప్రికాషన్ డోసు అరవై దాటి ఇతర జబ్బులు ఉన్నవారికి మొదలైనప్పుడు, మన సభ్యులలో చాలామంది రెండు డోసులు అయ్యాయి కదా, మూడోది ఎందుకు అని నన్ను అడిగారు. నూట పాతికేళ్ళ కిందట సరిగ్గా అదే తేదీన హాఫ్‌కిన్ తన చేతికి ప్లేగు సూది వేసుకున్నాడని అప్పుడు చెప్పాను. కొన్ని టీకాల బలం కాలంతో తగ్గుతుందనీ, రక్షణ నిలవాలంటే మళ్ళీ వేయాలనీ ఆయన కలకత్తా బస్తీల్లోనే చూశాడనీ చెప్పాను. వినేవారు విన్నారు. ఫ్లూ సూది సంగతి ఇంకా స్పష్టం. ఆ క్రిమి ఏటేటా వేషం మారుస్తుంది కనుక మందు కూడా ఏటేటా మారుతుంది. మన దేశంలో చాలాచోట్ల ఫ్లూ వానాకాలంలో పెరుగుతుంది కాబట్టి, వేసుకునేవారు తొలకరికి ముందే డాక్టరు గారిని అడగడం మంచిది. మామిడి కోత పేరు చెప్పి వాయిదా వేయడానికి మనకిప్పుడు చిక్కం కర్రలు పట్టే వయసు కూడా లేదు.

కలరా మందు ఏమయిందో చెప్పి ముగిస్తాను. మేము వేసిన సూది పోయింది. ఇప్పుడు నోట్లో పోసే మందు వచ్చింది. దాని పెద్ద పరీక్ష 2006లో కలకత్తా మురికివాడల్లోనే జరిగింది, హాఫ్‌కిన్ తిరిగిన నగరంలోనే. వేల కుటుంబాలలో కొందరికి మందు, కొందరికి పోలిక కోసం కలరా మందు కాని ద్రవం ఇచ్చి, పేర్లు రాసుకుని, అయిదేళ్ళు వెంట తిరిగి లెక్క చూశారు. రెండు మోతాదులు వేసుకున్నవారికి అయిదేళ్ళలో 65 శాతం రక్షణ అని తేలింది. ఆ మందును 2009 నుంచి తయారు చేసింది మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్. వారు తరువాత ఆపేశారు. 2024లో హైదరాబాదులోనే భారత్ బయోటెక్ హిల్‌కాల్ అనే పేరుతో మరొక కలరా చుక్కల మందు విడుదల చేసింది. రెండు మోతాదులు, పద్నాలుగు రోజుల ఎడం. రెండో మోతాదుకు జనం తిరిగి వస్తారా రారా అన్న బెంగ అక్కడి ఉద్యోగులకు ఇప్పటికీ ఉంటుంది.